నీ కొత్త ఎలివేషన్ చూశాక

చిరంజీవి అబ్బాయికి,

నువ్వు పంపిన ఎలివేషన్, అదే ఇల్లు బయటికి ఎలా కనపడుతుందో చూపే బొమ్మ, చూశాను. బాగుంది. కిందటి నెల నువ్వే పంపిన మూడు ఇళ్ల ఫొటోలు పక్కన పెట్టుకుంటే ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలిసిపోయింది. నల్ల కిటికీ చట్రాలు ఒక ఇంటివి, చెక్క పట్టీల గోడ ఇంకో ఇంటిది, బయటి పెర్గోలా (స్తంభాల మీద పట్టీలు పరిచిన పందిరి), దాని కింద పొయ్యి గట్టు మూడో ఇంటివి. తిడతానేమోనని కంగారుపడకు. నలభై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను, కాపీ కొట్టని బిల్డరును ఒక్కణ్ణీ చూడలేదు. అద్దంలో కూడా.

పెద్దవాళ్లూ కొట్టారు. పేరుమోసిన ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రో గీసిన ఫార్న్స్‌వర్త్ గాజు ఇంటి నమూనాను 1947లో న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టారు. ఆ ప్రదర్శన చేయించిన ఇంకో ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్ 1949కల్లా తన గాజు ఇల్లు కట్టేసుకున్నాడు. మీస్ గీసిన అసలు ఇల్లు పూర్తయ్యేసరికి 1951 అయింది. అలాగని జాన్సన్ అన్నీ ఎత్తుకోలేదు. మీస్ ఇల్లు నేలకు ఐదడుగుల పైన, ఉక్కు స్తంభాల మీద ఉంటుంది, పక్కన నది పొంగుతుంది గనక. (అంత ఎత్తు పెట్టినా తర్వాత నీళ్లు లోపలికి రానే వచ్చాయి, అది వేరే గొడవ.) జాన్సన్ స్థలం గట్టు మీద ఉంది. స్తంభాలతో పని లేక నేల మీదే కట్టుకున్నాడు.

మన స్థలానికి ఏది పనికొస్తుందో చూసుకునే ఆ విచారణే నీ డ్రాయింగులో కనపడలేదు నాకు. పెర్గోలానే తీసుకో. ఫొటోలో ఆ ఇల్లు ఎటు తిరిగి ఉందో అడిగావా? నీ స్థలంలో సిటౌట్ పడమటికి వచ్చింది. సాయంత్రపు ఎండ నెత్తిమీద పడదు, పట్టీల కిందుగా దూరి మొహాన కొడుతుంది. జనం బయట కూర్చునేదేమో సరిగ్గా ఆ వేళకే. పై పట్టీలకు పెట్టే ఖర్చులో సగం పక్కన నిలువు తెరకో, ఒక చెట్టుకో పెట్టు. ఒకే ప్లానును కుడిఎడమలు తిరగేసి పక్క ప్లాటులో కట్టేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. వాళ్లు గదులు తిప్పుతారు గానీ సూర్యుణ్ణి తిప్పలేరు కదా.

హాలు నేల, బయట నేల ఒకే లెవెల్లో కలిపేయడం నేను స్వయంగా చేసిన తప్పు. ఒక ఇంటి ఫొటోలో హాలు టైల్స్ గాజు తలుపు దాటి పచ్చిక దాకా సాగిపోయి ఉంటే మోజుపడి అలాగే కట్టించాను. మొదటి గాలివానకే నీళ్లు సోఫా కిందికి చేరాయి. ఇంటావిడ ఫోన్ చేసి ఒక్క మాట అనలేదు, ఇంత నీరు తుడవడానికి ఏ గుడ్డ వాడాలో మాత్రం అడిగింది. ఆ తర్వాత అసలు ఇంటికి పోయి, తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాను. తలుపు జారే పట్టా ముందు సన్నని జాలీ, దాని కింద కాలువ! ఫొటోలో అదొక నల్ల గీతలా పడింది, నేను టైల్స్ మధ్య సందు అనుకున్నాను. బయటి గచ్చు లోపలి నేలకన్నా 15 సెంటీమీటర్లు దిగువన ఉండి, మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున ఇంటికి దూరంగా వాలితే నీటితో పేచీ ఉండదు. ఒకే లెవెల్ కావాలంటే ఆ కాలువ పెట్టి తీరాలి.

ఇక పైన గాల్లోకి చాచిన బాల్కనీ, దాని మీద నీళ్ల తొట్టి. ఇక్కడ మాత్రం నీ సరదా చెల్లదు. నాలుగు గోడల మీద కూర్చున్న శ్లాబు అడుగున సాగుతుంది, అందుకే అసలు రాడ్లు అడుగున వేస్తాం. చాచిన శ్లాబు పైభాగంలో సాగుతుంది, రాడ్లు పైన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరైనా వాటిని తొక్కి అణిచేసినా బలం పోతుంది. ఇదేదీ ఫొటోలో కనపడదు. 30 సెంటీమీటర్ల లోతు నీరంటేనే చదరపు మీటరుకు 300 కిలోలు. ఇంటి శ్లాబును మనుషులకీ సామానుకీ సాధారణంగా 150 నుంచి 200 కిలోలకు లెక్కేస్తారు. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే మహా ఆర్కిటెక్టు జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటి బాల్కనీలే వంగిపోతే 2002లో లోపల ఉక్కు తీగలు బిగించి నిలబెట్టారు. కాబట్టి తొట్టి కిందికి దించు, లేదా స్ట్రక్చరల్ ఇంజినీరుతో కొత్తగా లెక్క కట్టించు.

పొయ్యి గట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కట్టేముందు వారం రోజులు అక్కడ కుర్చీ వేసుక్కూర్చో, గాలి పొగను ఎటు తోస్తుందో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. పెర్గోలా ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఒకరు గీసిన డ్రాయింగును ఉన్నదున్నట్టు దించడం వేరు. ఇళ్ల డిజైన్లకూ కాపీరైటు ఉంది, కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో 1908లోనే వాటిని చేర్చారు. నచ్చిన ప్లాను ఉంటే గీసినవాళ్లకు ఫీజు ఇచ్చి తీసుకో.

ఆ మూడు ఇళ్లకూ ఒకసారి వెళ్లిరా, వాన పడుతుండగా వెళితే మరీ మంచిది. యజమానిని కాదు, బయట ఊడ్చేవాళ్లను అడుగు. చెక్క డెక్ మీద పాకుడు ఎక్కడ పడుతుందో, ఆకులు ఏ మూల చేరతాయో వాళ్లకే తెలుసు. వచ్చాక డ్రాయింగు మళ్లీ పంపు. తలుపు దగ్గర మెట్టు పెట్టావా, కాలువ పెట్టావా అన్నది ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న