రంగు అన్నిటికంటే చివర్న

చిరంజీవికి ఆశీస్సులు.

పాత మోటార్‌సైకిలు తెచ్చావని, దాన్ని నీకు నచ్చినట్టు మార్చుకుంటున్నావని, ఫ్రేముకు ఏ రంగు వేయించాలా అని ఆలోచిస్తున్నావని రాశావు. రంగు మాట ఇప్పుడు పూర్తిగా పక్కన పెట్టు. ముందే రంగు కొట్టించావనుకో, రేపు ఏ సీటు బ్రాకెట్టో వెల్డింగ్ చేయాల్సి వస్తుంది, చుట్టూ జానెడు మేర రంగు మాడిపోతుంది. ముందు విప్పి బాగుచెయ్యి. రంగు లేకుండానే మొత్తం బిగించి నడిపి చూడు. మళ్ళీ విప్పి అప్పుడు రంగుకివ్వు. రెండుసార్లు విప్పడం దండగ పని అనిపిస్తుంది గానీ, బండి పూర్తయ్యేది అలా చేస్తేనే.

పానా పట్టుకునే ముందు ఒక పూట చూడటానికే పెట్టుకో. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా రెండు వైపులా దారం లాగితే చక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో తెలుస్తుంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను పక్కలకు ఊపి చూడు. వైర్లు, కేబుళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో ఫోటోలు తీసుకో. ఇంజన్‌కు కిక్ మాత్రం కొట్టొద్దు. ప్లగ్ తీసి, సిలిండర్లో రెండు చెంచాల పల్చటి నూనె పోసి, మర్నాడు చేత్తో మెల్లగా తిప్పి చూడు. కదలకపోతే మళ్ళీ నూనె పోసి ఓపిక పట్టు. పిస్టన్ తల మీద సుత్తి దెబ్బ పడితే పిస్టనే పగులుతుంది.

విప్పేటప్పుడు ఎక్కువ నష్టం జరిగేది స్క్రూల దగ్గరే. జపాన్ బండైతే ఇంజన్ కవర్ల మీద ప్లస్ గాడి స్క్రూలుంటాయి. చూడ్డానికి ఫిలిప్స్‌లాగే ఉంటాయి కానీ అవి జేఐఎస్ రకం, అంటే జపాన్ వాళ్ళ కొలత. ఫిలిప్స్ బిట్టు ఆ గాడిలో అడుగుదాకా దిగదు. తిప్పగానే పైకెక్కి జారుతుంది, గాడి గుండ్రంగా అరిగిపోతుంది. జేఐఎస్ బిట్టు కొనుక్కో. ముందు స్క్రూ తల మీద మొద్దు పంచ్ ఆనించి రెండు దెబ్బలు వెయ్యి, మరల్లో పట్టిన తుప్పు వదులుతుంది. తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్‌తో తిప్పు. పాత ఇంగ్లీషు బండైతే విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత పానాలు కావాలి. మెట్రిక్ పానా పట్టినట్టే అనిపించి నట్టు మూలలు కొరికేస్తుంది.

ఇంజన్ కేసులోంచి బేరింగు రావాలంటే సుత్తితో పని లేదు, వేడి చాలు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కేసును 100 డిగ్రీల దాకా సమంగా వేడిచేసి చెక్క మీద బోర్లించి తడితే చాలాసార్లు బేరింగు తనంతట తానే జారిపడుతుంది. కొత్తది రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, వేడి కేసులోకి దించు. బిగించేటప్పుడు అల్యూమినియంలోకి వెళ్ళే 6 మిల్లీమీటర్ల బోల్టుకు బిగింపు బలం (టార్క్) 10 న్యూటన్ మీటర్లకు మించనివ్వకు. అంతకు మించితే మరలు ఊడి బోల్టుతో పాటే వచ్చేస్తాయి, అప్పుడు కన్నంలో కొత్త మరల కోసం హెలికాయిల్ అనే తీగచుట్ట వెయ్యక తప్పదు. కార్బురేటర్ జెట్లో స్టీలు తీగ గుచ్చొద్దు, కన్నం పెద్దదై పెట్రోలు లెక్క తప్పుతుంది. క్లీనర్, గాలి చాలు.

రంగు లేని ఫ్రేము మీద బిగించినప్పుడే నీ మార్పులన్నిటికీ పరీక్ష. ఫోర్కులకే బిగించే పొట్టి క్లిప్ ఆన్ హ్యాండిల్ వేస్తే పూర్తిగా రెండు వైపులా తిప్పి చూడు. క్లచ్ లీవర్ పట్టుకున్న వేళ్ళు ట్యాంకుకూ గ్రిప్పుకూ మధ్య నలగకూడదు. ఇంజన్ నడుస్తుండగా అలాగే తిప్పు. శబ్దం పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిదైంది, దాంతో రోడ్డెక్కకూడదు. అందం కోసం ముందు ఫోర్కులు మరీ కిందికి దించకు. ముందు చక్రాన్ని నిటారుగా పట్టి ఉంచే ట్రెయిల్ అనే కొలత తగ్గి, వేగంలో హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. సీటు కింద ఫ్రేము వెనక కొస (లూపు) కోసే ముందు షాకబ్జార్బర్లు తీసి, చక్రాన్ని అవి పూర్తిగా నొక్కుకున్న ఎత్తుకు లేపు. టైరుకూ సీటు అడుగుకూ మధ్య ఎంత జాగా మిగిలిందో అప్పుడే తెలుస్తుంది. ఎయిర్ బాక్సు తీసేసి కార్బురేటర్‌కే తగిలించే పాడ్ ఫిల్టర్లు పెడితే గాలి ఎక్కువై మిశ్రమం పల్చబడుతుంది, ప్లగ్ తెల్లగా మాడుతుంది. కార్బురేటర్‌లో మెయిన్ జెట్ ఒక్కో మెట్టు పెంచుతూ ప్లగ్ చూసుకుంటూ పో.

ఇప్పుడు చెప్పే మూడూ ప్రాణం మీదికి తెచ్చేవి, తేలిగ్గా తీసుకోకు. ఎండిపోయినట్టు కనిపించే పెట్రోలు ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది, ఇంట్లో దానికి వెల్డింగ్ పెట్టొద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన లోహానికి వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదకుండా, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారెయ్యి.

బండి పదిసార్లు ఏ గొడవా లేకుండా నడిచాక రంగుకివ్వు. పౌడర్ కోటింగ్ మందంగా పడుతుంది కాబట్టి మరలకు, బేరింగు గూళ్ళకు, ఇంజన్ ఆనే చోట్లకు మూతలు పెట్టించు. ఎర్త్ తగిలే చోట లోహం కనబడాలి. కోటింగ్ కరెంటును పోనివ్వదు. రంగు తర్వాత లైట్లు మినుకుమంటున్నాయంటే ముందు అక్కడే చూడు. బ్యాటరీ నుంచి ఇంజన్ కేసుకు విడిగా ఒక ఎర్త్ వైరు లాగితే ఇంకా మంచిది.

ఇంజన్ విప్పి బిగించినట్టయితే, మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక సిలిండర్ హెడ్ నట్లు మరోసారి టార్క్ చూసుకో. వాల్వు గ్యాపు ఆ తర్వాతే పెట్టు, ఎందుకంటే హెడ్ బిగిస్తే గ్యాపు మారిపోతుంది.

ముందుగా ఫ్రేము ఫోటోలు పంపు. స్టీరింగ్ మెడ దగ్గర, స్వింగ్ ఆర్మ్ పివట్ దగ్గర జిడ్డు తుడిచి, వెల్డింగ్ అతుకులు స్పష్టంగా కనబడేలా దగ్గర్నుంచి తియ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న