కంపెనీ వెబ్‌సైట్‌ను అందరూ వాడగలిగేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"మాది చిత్తూరులో చిన్న కంపెనీ. చూపు లేనివాళ్లు కూడా మా వెబ్‌సైట్ వాడుకోవాలంటే మూలన ఒక యాక్సెసిబిలిటీ బటన్ పెడితే చాలా, సైటంతా మళ్లీ కట్టించాలా?" అని అడిగారు. బటన్ చాలదు, సైటంతా మళ్లీ కట్టించాల్సిన పనీ ఉండదు. తిరుపతిలో వెబ్‌సైట్ల పని చేస్తుంటాను. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరులకు కార్లు నడిపే ఒక ట్రావెల్స్ సంస్థ సైటును సరిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

ఆ బటన్ అక్షరాలను పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది. చూపు లేనివాళ్ల ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు, ముందే ఉంటాయి. అవి చదవడానికి మీ పేజీలో సరైన సమాచారం ఉందా అన్నదే అసలు విషయం.

ముందుగా మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ లాంటి కీబోర్డు కీలతోనే ఒక బుకింగ్ మొదటి నుంచి చివరి దాకా చేసి చూడండి. ఆ ట్రావెల్స్ సైటులో తేదీ దగ్గరే ఆగిపోయాం. క్యాలెండర్ మౌస్‌తో తప్ప తెరుచుకోదు. తేదీ పెట్టలేకపోతే మిగతా పేజీ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. దాన్ని తీసేసి బ్రౌజర్‌లో ఉండే మామూలు తేదీ పెట్టె పెట్టాం. ట్యాబ్ కొట్టినప్పుడు పేజీలో ఎక్కడున్నామో చూపించే గీతను చాలామంది అందం కోసం తీసేస్తారు, దయచేసి తీయనివ్వకండి.

తర్వాత ఎన్‌వీడీఏ వేసుకుని వినండి. అది పూర్తిగా ఉచితం. 2006లో మైఖేల్ కరన్ మొదలుపెట్టారు, జేమ్స్ టే ఆయనతో కలిశారు. ఇద్దరూ చూపు లేనివాళ్లే. తెలుగు కూడా చదువుతుంది, కాకపోతే పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాసి ఉండాలి. పేరు, ఫోన్ నంబరు పెట్టెలకు కోడ్‌లో లేబుల్ (ఆ పెట్టె పేరు) లేకపోతే ఏది ఏ పెట్టో వినేవాళ్లకు తెలియదు.

మన తెలుగు సైట్లకు అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. రేట్ల పట్టిక డీటీపీ షాపులో చేయించిన జేపీజీ బొమ్మ అయి ఉంటుంది. లేదా డీటీపీలో వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను అలాగే అతికించి ఉంటారు. కంటికి చక్కటి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. ఆ ఓనరు గారికి వాళ్ల రేట్ల పేజీని అలా వినిపించాకే ఈ పని ఎందుకు అవసరమో ఆయనకు అర్థమైంది. గూగుల్‌కూ ఆ మ్యాటర్ తెలుగుగా కనబడదని తెలిశాక ఇంకా తొందరపెట్టారు. అంతా యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్, కంప్యూటర్ అయినా తెలుగుగానే గుర్తించే అక్షరాల్లోకి మార్చాం. కన్వర్టర్‌తో మారిస్తే ఒత్తులు చెడిపోతాయి, కాబట్టి మనిషి కూర్చుని ప్రూఫ్ చూడాల్సిందే.

చివరికి చూపు లేని ఒక లెక్చరర్ గారితో బుకింగ్ చేయించాం. ఆయన సమయానికి డబ్బు కూడా ఇప్పించాను, ఇవ్వాలి. ఆయన ఓటీపీ దగ్గర ఆగిపోయారు. మెసేజ్ తెరిచి, విని, వెనక్కి వచ్చి కొట్టేలోపు 30 సెకన్లు అయిపోతున్నాయి. మాకు తట్టని విషయం అది. గడువు పెంచి, పొడిగించుకునే వీలు కూడా పెట్టాం. సైటును ఆటోమేటిక్‌గా పరీక్షించే గూగుల్ టూల్ లైట్‌హౌస్‌లో 100 మార్కులు వచ్చినా ఇలాంటివి బయటపడవు.

అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండటానికి డబ్ల్యూసీఏజీ 2.2 అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి, వాటిలో మధ్య స్థాయి అయిన ఏఏను లక్ష్యంగా పెట్టుకోండి. ఇది దయతో చేసే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. కళ్లు ఆర్పి చూపాలనే కేవైసీ వల్ల యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు పడే ఇబ్బందులపై 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకసారి సరిచేశాక కూడా, బ్రహ్మోత్సవాల ఆఫరంటూ కొత్త పోస్టర్ ఎక్కించగానే పాత సమస్య తిరిగొస్తుంది. అందుకే పోస్టర్‌తోపాటు అందులోని మ్యాటర్‌ను యూనికోడ్‌లో పంపమని డీటీపీ వాళ్లకు ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి.