పనికి విసుగు, సరదాకు చొరవ ఎందుకు?

ప్రశ్న: కార్యాలయంలో కొత్త మెసేజింగ్ యాప్ అంటే విసుక్కునేవారే వీడియోల యాప్‌ను ఎవరూ నేర్పకుండానే వాడేస్తారు. ఎందుకని?

జవాబు: రెండింటినీ మనం ఒకే ప్రమాణంతో అంచనా వేయం. పనికి వాడే సాధనం విషయంలో ఉపయోగానిదే పెద్దపీట అనీ, వాడుకలోని సౌలభ్యం ఆ తర్వాతిదేననీ పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది; అందుకే ఎంత చిరాకు పెట్టే ఈమెయిల్ వ్యవస్థనైనా, దానివల్ల పని త్వరగా తెములుతుందంటే, గొణుక్కుంటూనే వాడతాం. వినోదానికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. అక్కడ వాడుతున్నంతసేపూ కలిగే ఆనందమూ, సులువుగా చేతికి అలవడడమూ ఉపయోగం కంటే బలమైన కారణాలని మరో పరిశోధకుడు హాన్స్ వాన్ డర్ హైడెన్ 2004లో చూపారు. వీడియో తెరుచుకోవడం కాస్త ఆలస్యమైతే చాలు, వేలు మరోదాని మీదికి జారిపోతుంది. పైగా కార్యాలయంలో ఎంపిక సాధారణంగా యాజమాన్యానిదే; మీరన్న విసుగులో చాలా భాగం యాప్ మీద కాక, అడగకుండా నెత్తిన పెట్టినందుకేనని నా అభిప్రాయం.