నీలి సొరచేపలకు ఆఫ్రికా కప్ ఎంత ఇచ్చింది?

ప్రశ్న: కేప్ వెర్డే అనే దేశం ఫుట్‌బాల్ ఆడుతుందన్న సంగతే 2025 అక్టోబర్‌లో, వాళ్లు ప్రపంచకప్‌కి అర్హత సాధించారన్న వార్తతో తెలిసింది. అంతకుముందు ఆఫ్రికా కప్‌లో ఏమైనా చేశారా, లేక ఒక్కసారిగా అదృష్టం కలిసొచ్చిందా?

జవాబు: అదృష్టం కాదండీ, దాని వెనక పన్నెండు పదమూడేళ్ల కథ ఉంది. పశ్చిమ ఆఫ్రికా తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో పది దీవులు, అందులో మనుషులుండేవి తొమ్మిది, జనాభా మొత్తం కలిపి ఐదు లక్షల పైచిలుకు. పోర్చుగల్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది 1975లో. ఆ జట్టుని అందరూ నీలి సొరచేపలు అంటారు. 2012 సెప్టెంబర్‌లో, ఆఫ్రికా కప్ అర్హత పోరు చివరి అంచెలో, రాజధాని ప్రాయియాలో కామెరూన్‌ని 2-0తో ఓడించి, అక్టోబర్‌లో వాళ్ల గడ్డ మీద 2-1తో ఓడినా మొత్తం మీద 3-2తో ముందుకెళ్లారు. కామెరూన్ అప్పటికే నాలుగుసార్లు ఆఫ్రికా విజేత! అప్పటి కోచ్ లూసియో అంతూనెస్ అసలు ఉద్యోగం విమానాశ్రయంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్.

అలా 2013లో దక్షిణాఫ్రికాకి మొదటిసారి వెళ్లారు. టోర్నీ మొదటి మ్యాచ్‌లోనే ఆతిథ్య జట్టుతో 0-0, మొరాకోతో 1-1. అంగోలాతో ఆటలో సొంత గోల్ పడి వెనకబడ్డాక, 81వ నిమిషంలో ఫెర్నాందో వరేలా సమం చేస్తే, ఆట ముగిసే వేళకి హెల్దోన్ రెండోది కొట్టాడు. అంతే, క్వార్టర్‌ఫైనల్‌కి! అక్కడ ఘనా చేతిలో 0-2 ఓటమి. స్కోరు చూస్తే ఏకపక్షంగా ఉంటుంది కానీ ఆరోజు ఘనా గోల్‌కీపర్ దావుదా గోడలా నిలబడకపోతే ఫలితం ఇలా ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: 2015లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టోర్నీ నుంచి బయటికొచ్చేశారట, నిజమేనా?

జవాబు: నిజమే. ట్యునీషియాతో 1-1, కాంగో డీఆర్‌తో 0-0, జాంబియాతో 0-0. కాంగో డీఆర్‌కీ మూడు డ్రాలే, మూడు పాయింట్లే, రెండు జట్ల మధ్య మ్యాచ్ కూడా డ్రానే. చివరికి ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారని చూస్తే వాళ్లవి రెండు, వీళ్లది ఒకటి. ఆ ఒక్క గోల్ తేడాతో పోయింది. తర్వాత 2017, 2019 టోర్నీలకి అర్హతే రాలేదు.

ప్రశ్న: ఈ జట్టులో చాలామంది రోటర్‌డామ్‌లో, లిస్బన్‌లో, ఫ్రాన్స్‌లో పుట్టినవాళ్లే. బయట పుట్టినవాళ్లని తెచ్చి ఆడిస్తే అది దీవుల గెలుపు ఎలా అవుతుంది? కొంచెం కటువుగా అడుగుతున్నానేమో, ఏమనుకోకండి.

జవాబు: కటువైనా అడగాల్సిన ప్రశ్నే. కానీ మీ మాటతో నేను ఏకీభవించను, కారణం ఆ దీవుల చరిత్రలోనే ఉంది. అక్కడ వానలు తక్కువ, 1940లలో వచ్చిన కరువుల్లో వేలాదిమంది ఆకలితో చచ్చిపోయారు, బతకాలంటే ఓడెక్కి పోవడం తప్ప దారి లేకపోయింది, అలా తరాల తరబడి పోయిపోయి ఈరోజు దీవుల్లో ఉన్నవాళ్ల కంటే బయట ఉన్న కేప్ వెర్డే మూలాలవాళ్లే ఎక్కువంటారు. మరి ఆ కుటుంబాల పిల్లలు ఎవరికి ఆడాలి? ఇన్నాళ్లూ వేరే దేశాలకే ఆడారు. ప్రాయియాలో పుట్టిన జెల్సన్ ఫెర్నాందెస్ 2010 ప్రపంచకప్‌లో స్పెయిన్‌ని ఓడించిన గోల్ కొట్టింది స్విట్జర్లాండ్ చొక్కాలో. స్వీడన్ స్ట్రైకర్ హెన్రిక్ లార్సన్ తండ్రిది కేప్ వెర్డే, ఫ్రాన్స్ తరఫున ప్రపంచకప్ గెలిచిన పాట్రిక్ వియెరా తల్లిదీ అదే. అప్పుడు ఎవరూ అది అరువు ఆట అనలేదే! ఇప్పుడు పిల్లలు తిరిగి అమ్మానాన్నల దేశానికి ఆడుతుంటే మాత్రం అరువు అంటే ఎలా?

రాబర్తో లోపెస్ సంగతి చూడండి. డబ్లిన్‌లో పుట్టి పెరిగి, అక్కడి షామ్రాక్ రోవర్స్‌కి ఆడే డిఫెండర్, తండ్రి కేప్ వెర్డే నుంచి వచ్చినవాడు. అప్పటి కోచ్ రూయి ఆగ్వాస్ లింక్డిన్‌లో పోర్చుగీసులో మెసేజ్ పెడితే ఆ భాష రాక, ఎవరో పంపిన చెత్త మెసేజ్ అనుకుని వదిలేశాడు. నెలల తర్వాత ఇంగ్లిష్‌లో ఇంకో మెసేజ్ వస్తే అప్పుడు పాతది అనువాదం చేసి చూసుకుని కంగారుపడ్డాడు. 2019లో మొదటి మ్యాచ్ ఆడాడు, ఆ తర్వాత డిఫెన్స్‌లో అతను లేని జట్టుని ఊహించుకోవడమే కష్టమైంది. పెద్ద దేశాలకి అకాడమీలు ఉంటాయి, వీళ్లకి ఇలా ఒక్కొక్కరినీ వెతికి పట్టుకోవడమే అకాడమీ.

ప్రశ్న: మీ లెక్కలో వీళ్లు ఆడిన అన్నిట్లో గొప్ప టోర్నీ ఏది? 2013 అనే అంటారనుకుంటా.

జవాబు: కాదు, 2024 జనవరిలో కోట్ దివ్వార్ (ఐవరీ కోస్ట్)లో మొదలైనదే. 2013లో జాగ్రత్తగా కాచుకుని ఆడారు, ఇక్కడ మాత్రం గెలవడానికే దిగారు. ఘనాని ఇంజురీ టైమ్‌లో గ్యారీ రోద్రిగెస్ గోల్‌తో 2-1, మొజాంబిక్‌ని 3-0 (బెబె ఎంతో దూరం నుంచి కొట్టిన ఆ ఫ్రీకిక్ వీడియో దొరికితే తప్పకుండా చూడండి), ఇక ఈజిప్ట్‌తో 99వ నిమిషంలో సమం చేసి 2-2. ఘనా, ఈజిప్ట్ ఉన్న గ్రూపులో మొదటి స్థానం! తర్వాత మారిటేనియా మీద రయన్ మెందెస్ పెనాల్టీతో 1-0, నాకౌట్‌లో వాళ్లకదే మొదటి గెలుపు. అంతకుముందు 2022లో కామెరూన్‌లో ఆడినప్పుడు సెనెగల్‌తో ఇద్దరు రెడ్ కార్డులు తిని తొమ్మిదిమందితో 0-2 ఓడి ఆ దశలోనే ఆగిపోయారు.

క్వార్టర్స్‌లో దక్షిణాఫ్రికా. 0-0, షూటౌట్. వాళ్ల గోల్‌కీపర్ రాన్వెన్ విలియమ్స్ నాలుగు పెనాల్టీలు ఆపాడు, నాలుగు! 2-1తో పోయారు. కోచ్ బుబిస్తా ఆ జట్టుకి ఆడించిన ఆట ఆ టోర్నీలో సెమీస్ స్థాయికి ఏమాత్రం తక్కువ కాదు, ఆ మ్యాచ్ గురించి ఇప్పటికీ బాధగానే ఉంటుంది నాకు.

ప్రశ్న: ప్రపంచకప్‌కి వెళ్లగలిగిన జట్టు 2025 ఆఫ్రికా కప్‌కి ఎందుకు వెళ్లలేకపోయింది? వింతగా లేదూ?

జవాబు: వింతే. 2024 చివర్లో జరిగిన అర్హత మ్యాచ్‌లలో గోల్స్ కొట్టడమే గగనమైపోయింది, ఈజిప్ట్‌తో పాటు బోట్స్వానా ముందుకెళ్లింది, వీళ్లు గ్రూపులో అడుగున మిగిలారు. ఆరే మ్యాచ్‌లు, కోలుకునే వీలు తక్కువ. ప్రపంచకప్ అర్హతలో పది మ్యాచ్‌లు ఉన్నాయి కాబట్టి కామెరూన్ చేతిలో 1-4తో చిత్తయినా నిలదొక్కుకునే టైమ్ దొరికింది, 2025 సెప్టెంబర్‌లో అదే కామెరూన్‌ని ప్రాయియాలో స్ట్రైకర్ దైలోన్ లివ్రమెంతో కొట్టిన గోల్‌తో 1-0, అక్టోబర్ 13న ఎస్వాతినిని 3-0తో కొట్టి 23 పాయింట్లతో గ్రూపు గెలిచారు. ఆ మూడు గోల్స్‌లో చివరిది స్తోపిరాది, ముప్ఫై ఏడేళ్ల డిఫెండర్, ఎన్నో ఏళ్లుగా ఈ జట్టుతో ఉన్నవాడు. అది చూసి దేశమంతా వీధుల్లోకి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.