టెనోఫోవిర్ ఎవరు మానమన్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది కరీంనగర్ దగ్గర పల్లె. ఆరేళ్ల కిందట రక్తదానం చేసినప్పుడు హెపటైటిస్-బి ఉందని తెలిసింది. టెనోఫోవిర్ మాత్రలు వాడాను. వైరస్ కనిపించడం లేదని రిపోర్టు రావడంతో నాలుగు నెలల కిందట మానేశాను. ఇప్పుడు పసరు మందు తాగుతున్నాను. కాస్త నీరసం, ఆకలి తక్కువ. మా నాన్న లివర్ క్యాన్సర్‌తో పోయారు. వైరస్‌లు క్యాన్సర్ తెస్తాయని, మళ్లీ వైరస్‌లతోనే క్యాన్సర్‌కు వైద్యం చేస్తున్నారని చదివాను. ఆ వైద్యం ముందే చేయించుకుంటే నాకు రాకుండా ఉంటుందా?

జవాబు: వైరస్ వైద్యం గురించి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట ‘మానేశాను’ అన్నది. టెనోఫోవిర్ ఆపిన కొన్ని వారాలకో నెలలకో వైరస్ మళ్లీ విజృంభించి, లివర్ ఒక్కసారిగా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందరికీ అలా అవుతుందని అనను. కానీ మీకు నీరసం, ఆకలి తగ్గడం రెండూ ఉన్నాయి. మిమ్మల్ని చూడకుండా ఇక్కడి నుంచి ఏదీ తేల్చి చెప్పలేను. ఒకటి రెండు రోజుల్లో గ్యాస్ట్రోఎంటరాలజిస్టును, వీలుకాకపోతే దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. లివర్ ఫంక్షన్ టెస్టు, పీటీ ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, హెచ్‌బీవీ డీఎన్‌ఏ, ఆల్ఫా ఫీటోప్రోటీన్, పొట్ట అల్ట్రాసౌండ్ అవసరం కావచ్చు. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, మగతగా ఉన్నా, మాట తడబడినా, రక్తపు వాంతి అయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

మా ఓపీలో చాలామంది రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’ అన్న లైను మీద వేలు పెట్టి, ‘వైరస్ పోయింది కదా సార్, ఇంకా మాత్రలెందుకు?’ అంటారు. ఆ లైను చెప్పేది రక్తంలోని వైరస్ గురించి మాత్రమే. లివర్ కణాల కేంద్రకంలో దాని డీఎన్‌ఏ అలాగే దాగి ఉంటుంది. మాత్ర దాన్ని తుడిచేయలేదు, కొత్త వైరస్ తయారవకుండా అడ్డుపడుతుంది, అంతే. మీ పాత రిపోర్టుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ (ఒంట్లో ఈ వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్ష) ఎదురుగా ఏముందో చూడండి, పాజిటివ్ అనే ఉండి ఉంటుంది. కొందరికి మాత్ర ఆపే సందర్భాలు లేకపోలేదు. అయితే అది డాక్టరు వరుసగా పరీక్షలు చూసుకుంటూ చేసే పని.

ఇక పసరు. పసరుతో కామెర్లు తగ్గాయని ఊళ్లలో చెప్పుకునేవాటిలో చాలావరకు హెపటైటిస్-ఎ, ఇ వల్ల వచ్చినవే. అవి ఎక్కువమందిలో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకు వస్తుంది. పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోయిన హెపటైటిస్-బి అలా పోయేది కాదు. ఆ పసరులో ఏ ఆకు ఉందో, మోతాదు ఎంతో తాగేవాళ్లకు తెలియదు. లివర్‌ను పాడుచేసే మూలికలూ ఉన్నాయి. ఈ రోజే ఆపేయండి, డాక్టరు దగ్గర దాచకండి. పరిశోధనల గురించి ఇంత చదివిన మీరు, మాత్ర మానే ముందు ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

వైరస్‌లు క్యాన్సర్ తెస్తాయన్నది నిజం. కోళ్లలో కణితిని వైరస్ కలిగిస్తుందని అమెరికా శాస్త్రవేత్త పేటన్ రౌస్ 1911లోనే చూపించారు, నోబెల్ మాత్రం 1966లో వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ రకాలు, కణం అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రొటీన్లను పనిచేయనివ్వవు. హెపటైటిస్-బి తన డీఎన్‌ఏ ముక్కలను లివర్ కణాల డీఎన్‌ఏలోకి చొప్పిస్తుంది. దానికి తోడు ఏళ్ల తరబడి వాపు, కణాలు చావడం, మళ్లీ పుట్టడం. ఇందులో ఎక్కడో పొరపాట్లు పేరుకుపోయి క్యాన్సర్ మొదలవుతుంది. కొందరిలో సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) లేకుండానే వస్తుంది. మీ నాన్నగారికి వచ్చింది, మీకు 40 దాటింది. అందుకే ఏ ఇబ్బందీ లేకపోయినా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు. మద్యం ముట్టకండి. బూజు పట్టిన పల్లీలు, మొక్కజొన్న పారేయండి. వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, హెపటైటిస్-బి తోడైతే ముప్పు బాగా పెరుగుతుంది.

వైరస్‌తో వైద్యం కూడా కట్టుకథ కాదు. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను మార్చి తయారుచేసిన టీ-వెక్‌కు 2015లో అమెరికా అనుమతి ఇచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో దాన్ని గడ్డలోకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. అది క్యాన్సర్ కణాల్లో పెరిగి వాటిని పగలగొడుతుంది, రోగనిరోధక వ్యవస్థను ఆ గడ్డ మీదికి ఉసిగొల్పుతుంది. లివర్ క్యాన్సర్‌కు వ్యాక్సీనియా వైరస్‌తో చేసిన పెక్సా-వెక్ మూడో దశ ప్రయోగాన్ని, ఫలితం ఉండేలా లేదని 2019లో ఆపేశారు. వీటిలో ఏదీ క్యాన్సర్ రాకముందు ముందుజాగ్రత్తగా ఇచ్చేది కాదు. ఎవరైనా డబ్బు కట్టమంటే కట్టకండి.

మీలాంటివారికి ముందుజాగ్రత్త అంటే అదే టెనోఫోవిర్, అదే అల్ట్రాసౌండ్. మాత్ర ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. కిడ్నీల పరిస్థితి చూసి డాక్టరు చెబుతారు. ఖర్చు గురించి ఆగారేమో, జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

మీ భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంగతి మీరు రాయలేదు. అందరికీ హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించండి. లేనివాళ్లు, ఇదివరకు టీకా వేయించుకోకపోతే, మూడు డోసులు వేయించుకోవాలి. తైవాన్‌లో 1984లో పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టాక పిల్లల్లో లివర్ క్యాన్సర్ బాగా తగ్గింది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో దీన్ని తక్కువ ధరకు తెచ్చింది. కలిసి భోంచేస్తే ఈ జబ్బు అంటుకోదు, మీ కంచం వేరు పెట్టక్కర్లేదు. రేజరు, బ్రష్షు మాత్రం ఎవరివి వాళ్లవే. మీ భార్య పరీక్ష అయ్యేదాకా, ఆవిడకు టీకాలు పూర్తయ్యేదాకా కండోమ్ వాడండి.