టెక్ సందేహాలు: అగ్నివీర్ అప్లికేషన్‌లో ఇంటిపేరు తంటా

ప్రశ్న: అన్నా, మా తమ్ముడు అగ్నివీర్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాడు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఏం చెయ్యాలి? రిక్రూట్‌మెంట్ ర్యాలీకి స్మార్ట్‌ఫోన్ తెచ్చుకోమంటారట, నిజమేనా?

జవాబు: ముందు పేరు సంగతి చూద్దాం. ఇదివరకు ర్యాలీ అయ్యాక రాతపరీక్ష ఉండేది కదా, 2023లో ఆర్మీ వాళ్ళు దాన్ని తిరగేసి ముందు ఆన్‌లైన్ సీఈఈ (కామన్ ఎంట్రన్స్ ఎగ్జామ్) పెట్టారు, అందులో షార్ట్‌లిస్ట్ అయినవాళ్ళనే గ్రౌండ్‌కి పిలుస్తున్నారు. రిజిస్ట్రేషన్‌ని డిజిలాకర్‌తో, అంటే సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ యాప్‌తో కూడా కలిపారు. నాకైతే మంచి పనే అనిపించింది. కాకపోతే కాగితాల రోజుల్లో క్లర్కు మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసి "సరేలే, ఒకడే" అనేవాడు, సాఫ్ట్‌వేర్‌కి ఆ మొహమాటం ఉండదు, దాని లెక్కలో కె.రమేష్ వేరు, కొండపల్లి రమేష్ వేరు.

కాబట్టి టెన్త్ మెమోని కదపొద్దు, ఆధార్‌నే దానికి తగ్గట్టు మార్పించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, అందుకే సెంటర్లో స్లిప్ చేతికిచ్చినప్పుడే అక్షరం అక్షరం చదువుకోవాలి, ఇంటికొచ్చాక చూసుకుంటే ఒక ఛాన్స్ పోయినట్టే. పనిలో పనిగా 15 ఏళ్ళకి చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ అయిందో లేదో అడగండి. చాలామంది దాన్ని వదిలేస్తారు, చిన్నప్పటి వేలిముద్రలే సిస్టమ్‌లో ఉండిపోతాయి, ఒకరి బదులు ఇంకొకరు రాకుండా బయోమెట్రిక్ చూసే చోట మనోడు నిజంగా మనోడే అయినా మెషీన్ ఒప్పుకోదు.

ఫోన్ సంగతి నిజమే. అడాప్టబిలిటీ టెస్ట్ (ఆర్మీ జీవితానికి అలవాటు పడగలడా అని చూసే పరీక్ష) కోసం పనిచేసే స్మార్ట్‌ఫోన్, సరిపడా చార్జింగ్, 2 జీబీ డేటా ఉండాలని నోటిఫికేషన్‌లోనే రాశారు. ముందురోజు రాత్రి ఆటో అప్‌డేట్లు ఆఫ్ చెయ్యమనండి, లేకపోతే ఆ డేటా కాస్తా ప్లేస్టోరే తాగేస్తుంది.

ఇంకో మాట, నెట్ సెంటర్లో అప్లై చేస్తే మెయిల్, ఫోన్ నంబర్ మీవే ఇవ్వండి. షాపువాళ్ళు తొందరలో వాళ్ళ మెయిల్ కొట్టేస్తుంటారు, తర్వాత అడ్మిట్ కార్డ్ మెసేజ్ వాళ్ళ ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది, మీరేమో ఇంకా రాలేదని ఎదురుచూస్తూ కూర్చుంటారు.