విశ్వాసాన్ని చాటే యుద్ధ సినిమాల్లో చరిత్రను మార్చితే నష్టమేంటి?

చూసేవాళ్ల విశ్వాసం బలపడుతున్నప్పుడు చరిత్ర కాస్త అటూఇటూ అయితే నష్టమేంటని అడిగారు. కాలాన్ని కుదించినా, సంభాషణలు కల్పించినా నాకు అభ్యంతరం లేదు. ఆ సినిమాకు మూలమైన నిజమైన మనిషి తన నమ్మకం కోసం చేసిన పని చిన్నబోతేనే బాధ.

మా చర్చి యువకులకు ‘హాక్‌సా రిడ్జ్’ (2016) వేసి, తర్వాత చర్చ నడిపిన అనుభవంతో చెబుతున్నాను. అది డెస్మండ్ డాస్ అనే నిజమైన సైనికుడి కథ. ఆయన సెవెంత్ డే అడ్వెంటిస్టు, అంటే శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవ శాఖకు చెందినవాడు. తుపాకీ ముట్టనంటూనే అమెరికా సైన్యంలో మెడిక్‌గా, అంటే గాయపడ్డ సైనికులకు చికిత్స చేసేవాడిగా పనిచేశాడు. 1945లో జపాన్ ద్వీపం ఒకినావాలో కొండ అంచున చిక్కుకుపోయిన 75 మంది క్షతగాత్రులను తాడు కట్టి కిందికి దించాడు. అంతమందినా అని కుర్రాళ్లు ఎప్పుడూ అనుమానపడతారు. అధికారులు 100 మంది అన్నారు, డాస్ 50కి మించరన్నాడు, చివరికి 75 దగ్గర సర్దుకున్నారు. ఇది చెప్పాక వాళ్లకు ఆయన మీద నమ్మకం ఇంకా పెరిగింది.

సినిమా శిక్షణ శిబిరం నుంచి నేరుగా ఒకినావాకు వెళ్లిపోతుంది. 1944లో పసిఫిక్‌లోని గువామ్‌లో, ఫిలిప్పీన్స్‌లోని లేటే ద్వీపంలో ఆయన చేసిన సేవ మాటే లేదు. దాంతో తోటి సైనికుల గౌరవం ఒక్క యుద్ధంతోనే వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ గౌరవం వెనక ఎన్నో నెలల ఓపిక ఉంది.

నన్ను ఎక్కువ కలచివేసిన లోటు మరొకటి. 1945 మే 21 రాత్రి ఒకినావాలోని షురీ దగ్గర గ్రెనేడ్ పేలి ఆయన కాళ్లకు గాయాలయ్యాయి. మరో మెడిక్‌ను ప్రమాదంలోకి పిలవకుండా తనకు తానే కట్లు కట్టుకుని అయిదు గంటలు ఎదురుచూశాడు. తీరా స్ట్రెచర్ వచ్చాక, పక్కన తనకంటే విషమంగా ఉన్నవాణ్ని చూసి దిగిపోయి, ముందు అతణ్ని తీసుకెళ్లమన్నాడు. అంతలో మళ్లీ దెబ్బ తగిలి చెయ్యి విరిగింది. ఆయుధం పట్టనన్న ఆ మనిషి రైఫిల్ మడమను విరిగిన చేతికి బద్దగా కట్టుకుని 300 గజాలు పాకుతూ వెళ్లాడు. ఇదంతా ఆయనకు దక్కిన మెడల్ ఆఫ్ ఆనర్ (అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం) ప్రశంసాపత్రంలోనే ఉంది. స్ట్రెచర్ దిగిపోయిన ఘట్టం సినిమాలో లేదు. నేను ఆ పత్రం చదివి వినిపిస్తే గదిలో ఒక్కరూ కదల్లేదు.

ఇంకొకటి కూడా అడగాలి. ఒకినావా యుద్ధంలో వేలాది మంది సామాన్య ప్రజలు చనిపోయారు. సినిమాలో వాళ్లు దాదాపు కనిపించరు. చర్చలో వాళ్ల గురించి తప్పకుండా మాట్లాడండి. ప్రాణం విలువ కోసం తుపాకీ వద్దన్నవాడి కథలో వాళ్లకు చోటుండాలి.